పెడల్ మీద కాలు

ఆ ఇంట్లో జీపుని పెద్దోడు అంటారు. బ్రేకుల మేస్త్రికి పుట్టింది ఒక్క కూతురే. ఆమె పుట్టకముందే జీపు వాకిట్లోకి వచ్చేసింది కాబట్టి అది పెద్దోడయింది, ఆమె చిన్నదయింది. చిన్నదానికి పెళ్ళయి, తలలో తెల్లవెంట్రుకలు వచ్చి, ముందు గదిలో మిషను పెట్టుకుని వీధిలో సగం మందికి బట్టలు కుడుతున్నా ఆ పిలుపు మాత్రం మారలేదు. ఇద్దరిలో ఎవరంటే ఎక్కువ ఇష్టమని అడిగితే మేస్త్రి కాసేపు ఆలోచించి మరీ చెప్పేవాడు. ఆ ఆలోచించడానికే చిన్నదానికి ఒళ్ళు మండేది.

క్వారీల నుంచి, అడవి దారుల నుంచి దిగివచ్చే పాత బళ్ళన్నీ ఒకప్పుడు ఆయన షెడ్డుకే వచ్చేవి. ఇంజను పని ఎక్కడ చేయించుకున్నా బ్రేకు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి చెయ్యి పడాల్సిందే. బ్రేకు నూనె పారే గొట్టాలు బజారులో దొరకని బళ్ళకు ఆయన రాగి గొట్టం చుట్ట విప్పి, కొలిచి కోసి, మోకాలి మీద పెట్టి వంచి కొత్తది తయారుచేసేవాడు. చివర్లను బిగింపులో పెట్టి నొక్కితే అంచు చిన్న గిన్నెలా విచ్చుకుంటుంది. దాన్ని మూతి విప్పడం అంటారు. ఆ మూతిని వెనకనుంచి నట్టు పట్టి బిగిస్తుంది. అందుకని నట్టు ముందే గొట్టానికి ఎక్కించుకోవాలి. మూతి విప్పాక ఇక ఎక్కదు, ఎంత ఏడ్చినా ఎక్కదు. పని నేర్చుకునేవాళ్ళు ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు నట్టు మర్చిపోతారు. మర్చిపోయినవాడు ఆ పాడైన గొట్టాన్ని మెడలో దండలా వేసుకుని సాయంత్రం దాకా తిరగాలి. అది షెడ్డు చట్టం. చిన్నది కూడా స్కూలు గౌను మీద ఒకసారి వేసుకుంది. దండతోనే టీ కొట్టుకు పంపించాడు మహానుభావుడు.

ఇంకో చట్టం పెడల్‌ది. గొట్టం మార్చాక లోపల చేరిన గాలి తీయాలి, లేకపోతే బ్రేకు పట్టదు. దానికి ఇద్దరు కావాలి. ఒకరు సీటులో కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి, ఇంకొకరు బండి కింద పడుకుని చక్రం దగ్గర మర విప్పి గాలి వదలాలి. కిందవాడికి పెడల్ కనిపించదు. అది గట్టిగా ఉందో, మెత్తగా ఉందో, నేలకు దిగిపోయిందో పైనున్నవాళ్ళు చెప్పిందే వేదం. చిన్నదానికి కాలు పెడల్‌కి అందిన రోజునుంచీ ఆ సీటు ఆమెదే. "ఇంట్లో ఎన్ని అబద్ధాలైనా ఆడుకో, పెడల్ మీద నుంచి మాత్రం అబద్ధం చెప్పకు" అనేవాడు మేస్త్రి. ఆమె చెప్పలేదు. పరీక్షల్లో మార్కుల గురించి చెప్పింది, పెళ్ళికి ముందు సినిమాల గురించి చెప్పింది, పెడల్ మీద నుంచి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ చట్టాలు చేసిన మనిషికే మతి జారిపోతోంది. మొదట మనుషుల పేర్లు పోయాయి, తర్వాత వారాలు పోయాయి, ఆ తర్వాత తిన్నాడో లేదో కూడా పోయింది. మెదడు ఎండిపోతోందని డాక్టరు స్కాను బొమ్మ చూపించి మరీ చెప్పాడు. మందులు రాశాడు గానీ దీనికి మందు లేదన్నాడు.

ఒకరోజు మేస్త్రి జీపు తీసుకుని, ఎప్పుడో కూలగొట్టేసిన పాత షెడ్డు తెరవడానికి బయలుదేరాడు. అది కనబడక నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆపి, వెనక్కి తీసి, ఒక పిల్ల సైకిలును చక్రం కింద తొక్కేశాడు. పిల్ల పెన్సిలు కొనుక్కోవడానికి అప్పుడే దిగింది. దిగకపోయి ఉంటే అన్న మాట ఇంట్లో ఎవరూ పూర్తి చేయలేదు. చిన్నది పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన నలిగిన సైకిలు పక్కన నిలబడి, ఇంత మంచి సైకిలును రోడ్డు మీద ఎవడు వదిలేశాడని జనాన్ని కోప్పడుతున్నాడు.

ఆ రోజునుంచి ఆయన్ను జీపు ఎక్కనివ్వకూడదు. అంతవరకూ అందరూ ఒప్పుకున్నారు. ఎలా అన్నది మాత్రం చిన్నదాని నెత్తిన పడింది. తాళం దాచింది. ఆయన డాష్‌బోర్డు కింద రెండు తీగలు కలిపి స్టార్టు చేశాడు. బ్యాటరీ తీసి పక్కింట్లో పెట్టింది. పక్కింటివాళ్ళ దగ్గరికే వెళ్ళి, కాస్త బ్యాటరీ ఇవ్వండి బాబూ అని అడిగి తెచ్చుకున్నాడు. అమ్మేద్దామని భర్త అన్నాడు. ఆయన బస్సు కండక్టరు, నెమ్మదస్తుడు, మామగారంటే గౌరవం ఉన్నవాడు. కొనేవాళ్ళు చూడటానికి వచ్చిన రోజు మేస్త్రి జీపు ముందు చక్రాన్ని కావలించుకుని కూర్చుని, పెద్దోణ్ణి అమ్మడమేమిటని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. వచ్చినవాళ్ళు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళిపోయారు.

అప్పుడు చిన్నదానికి ఒక సంగతి గుర్తొచ్చింది. మేస్త్రి ఏ బండి ఎక్కినా తాళం తిప్పేముందు బ్రేకు మూడుసార్లు తొక్కి చూస్తాడు. పెడల్ కిందికి దిగిపోతే దిగి వచ్చేస్తాడు, మారుమాట ఉండదు. పెళ్ళాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన రోజున కూడా అలాగే దిగి, రిక్షా కోసం పరిగెత్తాడు. ఆ అలవాటు మతిలో లేదు, కాలిలో ఉంది. మతి పోయినా కాలు పోదు కదా అనుకుంది చిన్నది. ఆ పాత బండికి నాలుగు చక్రాల బ్రేకుకీ ఒకటే నూనె దారి, ఎక్కడ తెగినా మొత్తం పోతుంది. ఆయన కునుకు తీస్తున్నప్పుడు జీపు కింద దూరి, వెనక చక్రాలకు వెళ్ళే పొడుగాటి గొట్టాన్ని విప్పి, కొంగు చాటున లోపలికి తెచ్చి అటక మీద పెట్టేసింది.

మర్నాడు పొద్దున మేస్త్రి జీపు ఎక్కి, మూడుసార్లు తొక్కి, దిగాడు. కిందకు వంగి చూశాడు. గొట్టం ఎవడో ఎత్తుకుపోయాడని వీధి వీధంతా వినబడేలా తిట్టాడు. తిట్లన్నీ అయ్యాక, వాకిట్లో జీపు నిలిపే రేకుల షెడ్డులో రాగి గొట్టం చుట్ట దింపి, కొత్తది చేయడానికి కూర్చున్నాడు.

ఇలా అవుతుందని చిన్నది అనుకోలేదు. మిషను దగ్గర కూర్చుని కిటికీలోంచి చూస్తే ఆశ్చర్యమేసింది. చొక్కా గుండీలు ఒకదానికొకటి కలపలేని మనిషి, అన్నం కలిపి చేతిలో పెట్టాల్సిన మనిషి, గొట్టం చేతిలోకి రాగానే మేస్త్రి అయిపోయాడు. తీగతో బండి అడుగు చట్రం, చాసిస్ వెంట కొలత తీశాడు. ఎక్కడ వంపు రావాలో గోటితో గీత పెట్టాడు. నట్టు ఎక్కించాకే మూతి విప్పాడు, వేలికొసతో అంచు తడిమి పొగడ్త కోసం చుట్టూ చూశాడు. చేతులు నెమ్మది, అంతే. జీపు కింద పడుకుని ఆ రెండు నట్లూ మరలకు పట్టించి బిగించేసరికి ఎండ పోయింది. దీపం వెలుతురులో గాలి తీయకూడదన్నది ఆయన పద్ధతే, బుడగలు కనిపించవు. "రేపు పొద్దున్నే గాలి తీద్దాం చిన్నీ, నువ్వు పెడల్ మీద కూర్చోవాలి" అన్నాడు. ఆమె సరే అంది. ఆయన అన్నం తింటుండగా వెళ్ళి గొట్టం విప్పుకొచ్చి అటక మీద పెట్టింది.

పొద్దున ఆయనకు నిన్న గుర్తులేదు. మూడుసార్లు తొక్కాడు, దిగాడు, దొంగను తిట్టాడు, కూర్చున్నాడు.

అలా నెలలు గడిచాయి. చుట్ట అయిపోతే చిన్నది వెళ్ళి ఇంకో చుట్ట కొనుక్కొచ్చేది. ఊళ్ళో ఇన్ని బళ్ళకు ఒక్కసారే బ్రేకులు పోయాయా అని కొట్టాయన నవ్వేవాడు. అటక మీద ఒకే పొడవు, ఒకే వంపుల గొట్టాలు కట్టలు కట్టలుగా పేరుకున్నాయి. సాయంత్రం మామగారు దొంగను తిడుతుంటే కండక్టరు తల వంచుకుని, "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడండీ మావయ్యగారూ" అనేవాడు. మేస్త్రి నిజమేనని తలూపేవాడు. చిన్నది నవ్వు రాకుండా మూతి బిగించుకుని వడ్డించేది. ఆ నవ్వు ఎంతకాలం ఉంటుందో తెలియకపోయినా అది ఇంట్లో ఉన్నంతసేపూ హాయిగానే ఉండేది. తండ్రిని మోసం చేస్తున్నానని ఆమెకు తెలుసు. ఆ మోసం పుణ్యమా అనే రోజూ పగలంతా తండ్రి తండ్రిగా ఉంటున్నాడనీ తెలుసు. రోడ్డు మీద పిల్లలు క్షేమం, షెడ్డులో మేస్త్రి క్షేమం. ఇంతకన్నా ఏం కావాలి? ఇలాగే సాగితే చాలని మొక్కుకునేది, ఎవరికో తెలియకుండానే.

ఇలాగే ఎందుకు సాగుతుంది? ముందు వంపులు తప్పాయి. ఇరుసు దగ్గర ఎడమకు తిరగాల్సిన గొట్టం కుడికి తిరిగింది. తర్వాత కొలత తప్పింది. ఒకరోజు తయారైన గొట్టం జానెడు పొట్టి. అది ఎందుకు అందడం లేదో తెలియక ఆయన మధ్యాహ్నమంతా దాన్ని రెండు చేతులా లాగుతూ కూర్చున్నాడు. చిన్నది రాత్రి తీసిన గొట్టాలను చేత్తో తడిమి చూసుకునేది. అంచులు బీటలు వారుతున్నాయి. నట్లు మాత్రం ఉండేవి. రెండు చివర్లా రెండు నట్లు గలగలమంటూ గొట్టం మీద జారుతుంటే ఆమెకు కాస్త ధైర్యంగా ఉండేది.

ఆ రోజు మేస్త్రి ఎండ ఉండగానే పని ముగించాడు. మూడు గంటల వేళ గుమ్మం దగ్గరికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "చిన్నీ, రా. గాలి తీద్దాం" అన్నాడు.

ఇన్ని నెలల్లో పని ఎప్పుడూ అక్కడిదాకా రాలేదు. కుడుతున్న జాకెట్టు అలాగే వదిలేసి, షెడ్డులోకి వెళ్ళి వంగి చూసింది. గొట్టం చాసిస్ వెంట తాళ్ళతో కట్టి ఉంది. రెండు మూతులూ విప్పి ఉన్నాయి. నట్లు మాత్రం బల్ల మీద, టీ గ్లాసు పక్కన ఉన్నాయి. నట్లు లేని గొట్టాన్ని రంధ్రాలకు ఆనించి వదిలేశాడు. బిగించే పని లేదు కనుకనే ఇంత తొందరగా అయిపోయింది. షెడ్డు చట్టం ప్రకారం ఆ గొట్టం ఇప్పుడు ఆయన మెడలో పడాలి. దాన్ని తలుచుకుని నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

మేస్త్రి అప్పటికే వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, ఒక చెప్పు ఊడిపోయి ఉంది. ఆమె సీటులో కూర్చుంది.

"తొక్కు" అన్నాడు కిందనుంచి.

తొక్కింది. పెడల్ అడ్డూ ఆపూ లేకుండా నేలకు దిగిపోయింది. ఆయన పోసిన నూనె ఎక్కడో కారుతున్న చప్పుడు వినిపించింది. పక్కకు వంగి చూసింది. ఆ నూనె ఆయన చొక్కా మీద, మెడ మీద పడుతోంది. ఆయనకు తెలియడం లేదు. మర పట్టుకుని శ్రద్ధగా తిప్పుతున్నాడు. ఆ ముఖంలో ఎన్నాళ్ళనుంచో చూడని నిశ్చింత ఉంది.

"గట్టిగా ఉందా?"

నిజం చెప్పాలంటే నట్ల సంగతి చెప్పాలి. నీకు పని రావడం లేదు నాన్నా అని చెప్పాలి. ఎలాగూ ఆయనే ఎక్కి మూడుసార్లు తొక్కుతాడు, దిగిపోయిందని చూసి దిగి వచ్చేస్తాడు, రేపు మళ్ళీ మొదలు. ఈ ఒక్క పూట సంతోషపడితే ఎవరి సొమ్ము పోయింది అనుకుంది చిన్నది.

"గట్టిగా ఉంది నాన్నా. రాయిలా ఉంది."

ఆయన బయటికి వచ్చి, చొక్కాకు చేతులు తుడుచుకుని, ఆమెను పక్క సీటులోకి జరగమన్నాడు. ఎక్కాడు. ఒకసారి తొక్కాడు. పెడల్ నేలకు తగిలింది. రెండోసారి తొక్కాడు. మూడోసారి తొక్కాడు. ఆమె ఆయన ముఖం వైపే చూస్తోంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఇక దిగుతాడనుకుంది.

"నాకేంటో కాలు కిందికి పోతున్నట్టుంది" అన్నాడు నెమ్మదిగా. "నాకీ మధ్య ఏదీ సరిగ్గా తెలియట్లేదు చిన్నీ. నువ్వు చెప్పావుగా, చాలు."

డాష్‌బోర్డు కింద తీగలు కలిపాడు. తనకు మతి పోతోందని ఆయన నోటితో అనడం ఆమె వినడం అదే మొదలు. ఆయన సొంత కాలిని కాదని తన మాట నమ్మాడని అర్థమయ్యేసరికి ఇంజను అందుకుంది. షెడ్డు ముందు వీధి పల్లం. కింద మలుపులో బడి వదిలారు, పిల్లల గోల ఇక్కడికి వినబడుతోంది. ఆయన చెయ్యి గేరు మీద పడింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, బ్రేకు లేదు. అబద్ధం చెప్పాను."

ఆయన ఆమె వైపు చూశాడు. "పెడల్ మీద నుంచా?"

"అవును."

ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆయన నమ్మాడో లేదో తెలియలేదు. నమ్మకపోతే చెయ్యి విదిలించుకుని ముందుకు పోనిస్తాడు. పట్టుకున్న చెయ్యి వదలకుండా మిగిలింది కూడా చెప్పేసింది. "గొట్టం రోజూ ఎత్తుకుపోయేది కూడా నేనే నాన్నా. ఇంకెవరూ కాదు."

ఈశ్వరుడు కూడా పట్టలేని దొంగ అలా తనంతట తనే దొరికిపోయింది. మేస్త్రి ఇంజను ఆపాడు. బ్రేకు లేని బండిలోంచి దిగాలి కనుక దిగాడు. ఊడిన చెప్పు కోసం కూడా వెతకకుండా, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తిదిగా ఇంట్లోకి వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం కండక్టరు డ్యూటీ దిగి వచ్చి అంతా విని, భార్య పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఊరుకో, తెల్లారేసరికి ఆయనకేం గుర్తుంటుంది అన్నాడు. ఎన్ని మంచి సంగతులు ఒక్క రాత్రికి తుడిచిపెట్టుకు పోలేదు, ఇది పోదా అన్నాడు. అవును కదా అనుకుంది చిన్నది. ఆ మాయదారి రోగాన్ని అంతకాలం తిట్టిన మనిషి, ఆ రాత్రి అదే రోగానికి దణ్ణం పెట్టుకుంది. ఈ ఒక్కటీ తీసుకుపో, నీకు పుణ్యముంటుంది అని.

పొద్దున మేస్త్రికి జీపు గుర్తులేదు. రాగి గొట్టం చేతికిస్తే, ఇదేంటని అడిగి పక్కన పెట్టాడు. సైకిలు సంగతి లేదు, షెడ్డు సంగతి లేదు, పెద్దోడన్న మాట కూడా లేదు. ఆమె కాఫీ తెచ్చి ఇస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అల్లుడు ఇస్తే తాగాడు. తాగి, అల్లుణ్ణి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆ అమ్మాయి మాట నమ్మకండి. పెడల్ మీద నుంచి అబద్ధం చెప్పింది."

ఏ పెడల్, ఎప్పుడు, ఎందుకు అంటే చెప్పలేడు. రోగం ఇల్లంతా ఊడ్చి, అదొక్కటీ మూలన వదిలేసింది. వారం తర్వాత ఆమె పేరు కూడా పోయింది, అది మాత్రం పోలేదు.

చిన్నది ఊరుకోలేక తనే గొట్టం చేసింది. కొలిచి కోసింది, నట్లు ఎక్కించి మూతులు విప్పింది, వంచి బిగించింది. భర్తను పెడల్ మీద కూర్చోబెట్టి నాలుగు చక్రాలకూ గాలి తీసింది. బ్యాటరీ అమ్మేసింది, ఇక జీపు కదిలే ప్రసక్తే లేదు. అంతా అయ్యాక తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సీటులో కూర్చోబెట్టి, ఇప్పుడు తొక్కి చూడమంది. ఆయన తొక్కాడు. పెడల్ నిజంగానే రాయిలా నిలబడింది. కాసేపు కాలు దాని మీదే ఉంచి, ఆమె వైపు చూసి, "గట్టిగా ఉందని ఎవరు చెప్పారు?" అని అడిగాడు. ఆయన దిగిపోయాడు.

ఎక్కడో ఏదో కదిలినట్టుంది, మర్నాటినుంచి షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళను పిలుస్తాడు. ఒక్క నిమిషం ఎక్కి కాలు పెట్టి చూసి చెప్పండి బాబూ అని బతిమాలుతాడు. జాలిపడ్డవాళ్ళు ఎక్కి తొక్కి, గట్టిగానే ఉంది తాతా అంటారు. ఆయన ముఖం వెలుగుతుంది. వాళ్ళు వీధి మలుపు తిరిగేసరికి మర్చిపోయి ఇంకొకరిని పిలుస్తాడు.

ముందు గదిలో మిషను దగ్గర చిన్నదానికి ఇవన్నీ వినిపిస్తూనే ఉంటాయి. మొన్న పాలవాడు దిగుతూ, రోజూ మమ్మల్ని పిలుస్తావేంటి తాతా, ఇంట్లో ఎవరూ లేరా అని అడిగాడు.

"ఉంది, ఒకమ్మాయి ఉంది" అన్నాడు మేస్త్రి. "మంచిదే పాపం, అన్నం పెడుతుంది. పెడల్ మీద మాత్రం కూర్చోబెట్టకూడదు."

చిన్నది తలవంచుకుని, ఆగిన మిషనును మళ్ళీ తొక్కింది.